చలి కాపాడిన పిల్లి

ఎవరెస్ట్ అనగానే మనకు ఆ శిఖరం ఎక్కినవాళ్లు గుర్తొస్తారు. మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో, పద్నాలుగేళ్లయినా నిండకుండా ఆ శిఖరం మీద నిలబడితే ఊరూరా చెప్పుకున్నాం. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ కొండ పక్కనే కాపురం ఉంటూ ఎవరి కంటా పడని ఒక పిల్లి గురించి.

2019 వసంతంలో కొందరు శాస్త్రవేత్తలు నేపాల్ వైపు, సాగర్‌మాథా జాతీయ ఉద్యానంలో పనిచేశారు. అంత ఎత్తులో ఏయే జీవులు బతుకుతున్నాయో తేల్చడం వాళ్ల పని. జంతువు ఎదురుపడాలని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. అందుకని నీళ్లలోనూ, రాళ్ల మధ్య పడి ఉన్న మలంలోనూ జీవుల ఆనవాళ్లు వెతికారు. ఒకదానికొకటి 6 కిలోమీటర్ల దూరంలో, 5,110 మీటర్ల ఎత్తున ఒకచోట, 5,190 మీటర్ల ఎత్తున ఇంకోచోట ఏరిన మలంలో ఒక పిల్లి డీఎన్‌ఏ బయటపడింది. కనీసం రెండు పిల్లులవి. అవి ఏం తిన్నాయో కూడా అందులోనే దొరికింది. ఏటా వందలమంది ఎక్కి దిగే కొండ అది. దాని నీడలో ఇలాంటి పిల్లి ఒకటి తిరుగుతోందని 2022లో ఆ పరిశోధన అచ్చయ్యేదాకా లోకానికి తెలియదు.

దాని పేరు పల్లాస్ పిల్లి. మంగోలియాలో మనూల్ అంటారు. నేనూ ఇక మనూల్ అనే అంటాను.

తూకం వేస్తే మన ఇంటి పిల్లికి మించదు. రెండున్నర కిలోల నుంచి నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. చూస్తే మాత్రం దానికి రెండింతలు అనిపిస్తుంది. ఆ తేడా అంతా బొచ్చుదే. చదరపు సెంటీమీటరుకు సుమారు 9,000 వెంట్రుకలుంటాయని లెక్క. బొటనవేలి గోరంత చోట అన్ని వెంట్రుకలు ఎలా పట్టాయా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చలికాలానికి ఆ బొచ్చు ఇంకా ఒత్తుగా, పొడుగ్గా పెరుగుతుంది. పొట్ట కింది వెంట్రుకలు వీపు మీదివాటికన్నా దాదాపు రెండింతలు పొడుగు. గడ్డకట్టిన నేల మీద గంటల తరబడి పొట్ట ఆనించి పడుకునే జంతువుకు, కింద కంబళి పరుచుకున్నట్టు అవే అడ్డు.

ముఖం వెడల్పు, నుదురు బల్లపరుపు. దవడల మీద రెండేసి నల్లచారలు, నుదుటి మీద చిన్న చిన్న నల్లచుక్కలు. చెవులు తల పైన నిక్కి ఉండవు, పక్కలకు, బాగా కిందికి ఉంటాయి. రాతి చాటునుంచి వేట కోసం తొంగి చూసినప్పుడు ముందుగా పైకి లేచేది కళ్లే. చెవి కొసలు పైకి కనబడి వేటను బెదరగొట్టవు. ఇంటి పిల్లి కంటిపాప వెలుతురులో నిలువు గీతగా సన్నబడుతుంది కదా, మనూల్ కంటిపాప చిన్నదయినా గుండ్రంగానే ఉంటుంది. బహుశా అందుకేనేమో, అది కెమెరా వంక చూసిన ప్రతి ఫొటోలోనూ ఎవరో పెద్దమనిషి మనమీద కోపగించుకుని చూస్తున్నట్టు అనిపిస్తుంది.

జంతుప్రదర్శనశాలల్లో తీసిన వీడియోల్లో దాని అలవాటొకటి చక్కగా కనిపిస్తుంది. మంచు పడి ఉంటుంది. మనూల్ వచ్చి నిలబడుతుంది. ఒత్తయిన తోకను నెమ్మదిగా ముందుకు తిప్పుకుని, మంచు మీద పరుస్తుంది. ముందరి కాలు ఒకటి ఎత్తి తోక మీద పెడుతుంది. తర్వాత రెండోది. అరికాళ్లు మంచుకు తగలకుండా తోకనే పీటగా చేసుకుని అలా నిలబడిపోతుంది. ఒళ్లంతా బొచ్చున్న జంతువుకు కూడా అరికాలి మెత్తలు బోసివే మరి.

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగితే మర్నాడు పేపర్లో ఫొటోలు వస్తాయి. మంగోలియా మైదానాల్లో చలికాలపు రాత్రి సున్నాకు 40 డిగ్రీలు దిగువకు పోవడం మామూలు. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తయిన కొండ 1,700 మీటర్లలోపే. మనూల్ 5,000 మీటర్ల పైన కూడా తిరుగుతుంది. మనూల్ తిరిగే లద్దాఖ్‌లో కాపలా కాసే జవాన్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. సెలవుకు వచ్చినప్పుడు వాళ్లను అడిగితే ఆ గాలి ఎలా ఉంటుందో చెబుతారు.

అయినా ఈ పిల్లి చుట్టరికం మనకు దూరమైనదేమీ కాదు. పిల్లి జాతుల వంశవృక్షాన్ని జన్యువుల ద్వారా పరిశీలించినవాళ్లు మనూల్‌కు దగ్గరి బంధువులు ఎవరో తేల్చారు. చిరుతపిల్లి, తుప్పు మచ్చల పిల్లి, చేపలు పట్టే నీటిపిల్లి. చివరి రెండూ మన దగ్గరున్నవే. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో, కృష్ణ మొగలోని మడల్లో రాత్రిపూట బురదలో దిగి చేపలు పట్టేది ఆ నీటిపిల్లే. ప్రపంచంలోని అతి చిన్న పిల్లుల్లో ఒకటైన తుప్పు మచ్చల పిల్లి మన తూర్పు కనుమల అడవుల్లో ఉంది. దాదాపు 50 లక్షల ఏళ్ల కిందట ఈ వంశం రెండుగా చీలింది. ఒక పాయ వానలు, అడవులు, నీళ్ల వైపు వచ్చింది. రెండో పాయలో ఇప్పుడు మిగిలింది మనూల్ ఒక్కటే. చెట్టన్నది లేని చోట, వాన సరిగా పడని చోట, రాళ్ల మధ్య అది స్థిరపడింది.

పల్లాస్ ఎవరంటారా? పీటర్ సైమన్ పల్లాస్, 1741లో బెర్లిన్‌లో పుట్టిన ప్రకృతి శాస్త్రవేత్త. రష్యా మహారాణి రెండో కేథరిన్ కాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లి, 1768 నుంచి 1774 దాకా సైబీరియాలో తిరిగాడు. బైకాల్ సరస్సుకు ఆగ్నేయంగా, జిదా నది ప్రాంతంలో దొరికిన ఈ పిల్లిని 1776లో మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. బొచ్చు, చదును ముఖం చూసి పర్షియన్ పిల్లులకు ఇదే మూలపురుషుడేమో అనుకున్నాడు. అది నిజం కాదు. పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి సంతానమే. ఆయన తప్పు చేశాడని చెప్పడానికి ఇది ఎత్తలేదు. అంత పాత రోజుల్లో, అంత దూరం ఎడ్లబండ్లకూ దారి లేని నేలలో తిరిగి, నేలకు అతుక్కుని బతికే ఇంత చిన్న జంతువును పట్టించుకున్న మనిషి ఒకడున్నాడని చెబుతున్నాను.

ఇప్పుడు దాని తిండి సంగతికి వద్దాం. మనూల్ కథంతా ఇక్కడే ఉంది.

పైకా అని ఒక చిన్న జంతువు. చూడ్డానికి ఎలుక. నిజానికి కుందేళ్లకు దగ్గరి చుట్టం. గుండ్రటి చెవులు, బయటికి కనబడని తోక, అరచేతిలో పట్టే ఒళ్లు. టిబెట్ పీఠభూమి మీద, లద్దాఖ్‌లో, మంగోలియాలో రకరకాల పైకాలున్నాయి. ఇవి చలికాలంలో నిద్రపోవు. చాలా రకాలు వేసవిలో గడ్డి కోసి, ఆరబెట్టి, రాళ్ల కింద వాముల్లా దాచుకుంటాయి. టిబెట్ పీఠభూమి పైకా చేసే పని ఇంకా విచిత్రం. శీతాకాలంలో ఒంటిలో శక్తి ఖర్చును దాదాపు 30 శాతం తగ్గించేసుకుంటుందని, జడలబర్రెల పేడ తిని కూడా బతుకుతుందని 2021లో అచ్చయిన పరిశోధన చెప్పింది. బర్రె అప్పటికే సగం అరిగించిన గడ్డి కదా. పెద్దగా శ్రమ లేకుండా దొరికే తిండి.

మనూల్ తినేదాంట్లో పెద్ద వాటా ఈ పైకాదే. జెర్బిల్ ఎలుకలు, చిన్న పొలం ఎలుకలు, నేల ఉడుతలు, కౌజులూ తింటుంది. కానీ ఏడాది పొడవునా, గడ్డకట్టే చలిలో కూడా కలుగు బయటికి వచ్చే పైకా ఉంటేనే దానికి చలికాలం గడుస్తుంది. అక్కడి చిన్న పొలం ఎలుకకు మూడు నాలుగింతలుంటుంది పైకా. ఒకటి దొరికితే ఆ పూట గడిచినట్టే.

వేటాడే తీరు కూడా ఆ నేలకు తగ్గట్టే ఉంటుంది. పొట్టి కాళ్లు. పరుగెత్తి పట్టుకునే జంతువు కాదు. కలుగు ముందు రాతిలో రాయిగా కాచుకుని కూర్చుంటుంది, లేదా అడుగులో అడుగు వేస్తూ దగ్గరికి పాకుతుంది. గడ్డిలో పొదల్లో తిరిగి బెదరగొట్టి, లేచినదాన్ని పట్టడమూ ఉంది. తనకే ప్రమాదం ఎదురైతే మాత్రం పారిపోదు. ఉన్నచోటే నేలకు అణగిపోతుంది. బూడిదరంగు బొచ్చు కొసలు తెల్లగా ఉంటాయి కాబట్టి, కాస్త మంచు పట్టిన రాయికీ దానికీ తేడా తెలియదు. పది అడుగుల దూరంలో ఉన్నా చూపు దాని మీద నుంచి జారిపోతుంది. మనిషి కంటికీ, గద్ద కంటికీ కూడా.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు పడమరగా హుస్తాయ్ జాతీయ ఉద్యానం ఉంది. అడవి గుర్రాలను తిరిగి తెచ్చి వదిలిన చోటుగా దానికి పేరు. అక్కడ స్టీవ్ రాస్ అనే పరిశోధకుడు 2005 తర్వాత కొన్నేళ్లపాటు మనూల్‌ల మెడకు రేడియో పట్టీలు కట్టి వాటి వెంట తిరిగాడు. ఈ జంతువు గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ చలిలో నడిచిన నడక ఫలమే. ఒక్కో ఆడపిల్లి సగటున 23 చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతుంది. మగపిల్లి దాదాపు 100 చదరపు కిలోమీటర్లు. నాలుగు కిలోల ప్రాణికి అంత నేల ఎందుకు? తిండి పలచగా పరుచుకుని ఉంది కాబట్టి. ఆ నేలలో కూడా అది బయలు ప్రదేశంలో తిరగడానికి వెనకాడుతుంది. రాళ్లగుట్టలు, లోయలు, పొదలు ఉన్న అంచులు పట్టుకునే నడుస్తుంది. పైన గద్దలు, కింద నక్కలు, తోడేళ్లు, గొర్రెల కాపరుల కుక్కలు. అక్కడ చచ్చిపోయిన మనూల్‌లలో ఎక్కువ భాగం వీటి నోట పడ్డవే.

అందుకని మనూల్‌కు తిండి ఎంత ముఖ్యమో దాక్కునే సందు అంత ముఖ్యం. అది స్వయంగా గోతులు తవ్వదు. రాతి నెర్రెల్లో దూరుతుంది, లేకపోతే మార్మొట్ తవ్వి వదిలిన బొరియలో చేరుతుంది. మార్మొట్ అంటే కొండల్లో ఉండే పెద్ద ఉడుత జాతి జంతువు, బాగా కొవ్వుపట్టి ఉంటుంది. దాని బొరియ లోతుగా, బయటి చలికి దూరంగా ఉంటుంది. మంగోలియాలో మార్మొట్‌ను మాంసానికీ తోలుకూ విపరీతంగా వేటాడారు. అక్కడి సైబీరియా మార్మొట్ ఇవాళ అంతరించే ప్రమాదంలో పడింది. పాత బొరియలు కూలిపోతున్నాయి, కొత్తవి తవ్వేవి తగ్గిపోతున్నాయి. మార్మొట్ అనుకుని పొరపాటున మనూల్‌ను కాల్చే వేటగాళ్లూ ఉన్నారు.

నేను మనూల్ గురించి చదివినవాటిలో నన్ను బాగా కదిలించిన విషయం ఇప్పుడు చెబుతాను.

అమెరికా, యూరప్ జంతుప్రదర్శనశాలల్లో మనూల్‌లు పిల్లల్ని పెట్టేవి. నాలుగు, అయిదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పుట్టినప్పుడు బాగానే ఉండేవి. తల్లి పాలు తాగేవి. వారాలు తిరిగేసరికి ఒక్కొక్కటే చచ్చిపోయేవి. తిండి లోపం కాదు, తల్లి వదిలేయడం కాదు. పరీక్ష చేస్తే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి బయటపడింది. గర్భిణులు పిల్లి మలం ముట్టుకోవద్దని మన డాక్టర్లు చెప్పేది దీని గురించే. మన వీధి పిల్లుల్లో, పెంపుడు పిల్లుల్లో ఇది మామూలు. వాటికి పెద్దగా హాని చేయదు కూడా. మనూల్ పిల్లలకు అదే ప్రాణాంతకం అయింది.

కారణం వెతుకుతూ పశువైద్య పరిశోధకులు మంగోలియా వెళ్లారు. అడవిలోని మనూల్‌లను పట్టి రక్తం తీసి చూశారు. చాలా కొద్ది వాటిలో మాత్రమే ఆ సూక్ష్మజీవి ఆనవాళ్లు కనిపించాయి. అవి తినే జంతువుల్లోనూ అది దాదాపుగా లేదు. ఈ సూక్ష్మజీవి పిల్లి మలంతో బయటికొచ్చి, తడి నేలలో నెలల తరబడి బతికి, ఇంకో జంతువు ఒంట్లోకి చేరాలి. అంత చలిలో, అంత పొడినేలలో దానికి ఆ అవకాశం దొరకదు. తరతరాలుగా ఆ రోగం ముఖమే చూడని మనూల్ ఒంటికి దాన్ని ఎదిరించడం రాలేదు. అలాంటి మనూల్‌ను తీసుకొచ్చి వెచ్చటి, తడి ఊళ్లలో, వీధి పిల్లులు తిరిగే ఆవరణల్లో పెట్టాం. మొదట వేసిన మాంసంతోనో, నేలతోనో తల్లికి అంటింది. తల్లి నుంచి పిల్లలకు చేరింది. ఇప్పుడు జంతుప్రదర్శనశాలల్లో మాంసాన్ని గడ్డకట్టించి వేయడం, వీధి పిల్లుల్ని దగ్గరికి రానివ్వకపోవడం, మందులు ఇవ్వడం వంటి జాగ్రత్తలు తీసుకుంటున్నారు. కొంత ఫలితం ఉంది. అయినా మనూల్ కూనను బతికించడం ఇప్పటికీ కష్టమైన పనే.

ఆ చలిని మనం కష్టంగా చూస్తాం. మనం పోయినప్పుడు అది కష్టమే. మనూల్‌కు మాత్రం దాని ఇంటి గోడ అదే. రోగాన్ని ఆపింది. ఇతర పిల్లుల్ని, పోటీదారుల్ని బయటే ఉంచింది. మనిషిని కూడా చాలాకాలం రానివ్వలేదు. చలి ఒకటే కాదు, ఆ నేల పొడితనం కూడా దానికి అవసరం. మంచు 15, 20 సెంటీమీటర్లు దాటి పేరుకుంటే ఆ పొట్టికాళ్లతో అది నడవలేదు, వేటాడలేదు. కాబట్టి చలి ఉండాలి, మంచు పలచగా ఉండాలి, రాళ్లుండాలి, కలుగులుండాలి, ఆ కలుగుల్లో పైకాలుండాలి. ఇన్నీ కుదిరిన చోటు అడుగడుగునా దొరకదు. ఈ పిల్లిని కాపాడడమంటే దాన్ని పట్టుకుని ఎక్కడో భద్రంగా పెట్టడం కాదని, ఆ నేలను అలాగే ఉండనివ్వడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నేల అలా ఉండడం లేదు. మొదటి కారణం విషం.

టిబెట్ పీఠభూమి మీద పైకాలు జడలబర్రెలు, గొర్రెలు తినాల్సిన గడ్డి తినేస్తున్నాయని, కలుగులు తవ్వి నేల పాడుచేస్తున్నాయని చైనా ప్రభుత్వం 1950ల చివరి నుంచి దశాబ్దాలపాటు విషం పెట్టించింది. లక్షల హెక్టార్ల మీద. ఆండ్రూ స్మిత్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి అక్కడ తిరిగి చెప్పిన మాట వేరు. పశువులు అతిగా మేసి గడ్డి పొట్టిగా అయిపోయిన చోటనే పైకాలు పెరుగుతాయి. నేల పాడవడానికి పైకాలు కారణం కాదు, పాడైన నేలలో అవి ఎక్కువగా కనిపిస్తాయి, అంతే. పైగా వాటి కలుగుల్లో పక్షులు గూళ్లు పెడతాయి. వాన పడ్డప్పుడు ఆ కలుగుల గుండా నీరు నేలలోకి ఇంకుతుంది. పైకాల్ని చంపిన చోట నీరు ఇంకడం తగ్గి పైపైన పారిపోతోందని ఆయన బృందం కొలిచి చూపింది. ఆసియాలోని పెద్ద నదులు ఎన్నో పుట్టే పీఠభూమి అది.

విషం దెబ్బ పైకాతో ఆగదు. 2000 దశకం మొదట్లో మంగోలియాలో పొలం ఎలుకల మీద బ్రోమాడయోలోన్ చల్లారు. ఈ పేరు మన గోదావరి జిల్లాల రైతులకు కొత్త కాదు. వరి చేలల్లో ఎలుకల్ని సామూహికంగా చంపడానికి 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు ఈ మందు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతారు. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోపల నెత్తురు కారుతూ కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. మన దగ్గర కన్నంలో పెట్టి మూసే పద్ధతికి అర్థం అదే, ఇతర జంతువుల నోట పడకూడదని. మంగోలియాలో మైదానం మీద వెదజల్లేశారు. నీరసంగా తిరిగే ఎలుక కన్నా తేలికైన వేట ఏముంటుంది? గద్దలు, నక్కలు, మనూల్‌లు అవి తిని చచ్చాయి.

ఒకప్పుడు తోలు కోసం కూడా మనూల్‌ను విపరీతంగా చంపారు. 20వ శతాబ్దం మొదట్లో ఏటా వేల కొద్దీ తోళ్లు అమ్ముడయ్యేవి. మంగోలియా నుంచి ఎగుమతి 1980ల చివరిదాకా సాగింది. ఇప్పుడు చాలా దేశాల్లో వేట నిషిద్ధం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికున్నంత రక్షణ.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో దీన్ని అంతగా ప్రమాదం లేని జంతువుల జాబితాలో చేర్చింది. ఎదిగిన మనూల్‌లు సుమారు 58,000 ఉంటాయని అంచనా. అంతకుముందు 2002 నుంచి ప్రమాదం అంచున ఉన్నవాటిలో ఉండేది. జాబితా మారిందని నేను ఊపిరి పీల్చుకోలేను. ఇరాన్ నుంచి మంగోలియా దాకా పరుచుకున్న అంత నేల మీద, చుక్కలు చుక్కలుగా విడిపోయి ఉన్న సంఖ్య అది. ఒక చుక్క మాయమైతే పక్క చుక్కకు తెలియదు.

మనకైతే ఎక్కడెక్కడ ఉన్నాయో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మంచు చిరుతల కోసం పెట్టిన కెమెరాల్లో ఇది యాదృచ్ఛికంగా పడటం వల్లే సగం సంగతులు బయటికొచ్చాయి. 2012లో భూటాన్‌లో అలాగే పడింది, అదే ఏడాది చివర్లో నేపాల్ అన్నపూర్ణ ప్రాంతంలో పడింది. ఉత్తర సిక్కింలోని చో లామో పీఠభూమి మీద 2007లో కనిపించింది. 2024లో అరుణాచల్‌ప్రదేశ్‌లో, పశ్చిమ కామెంగ్, తవాంగ్ జిల్లాల ఎత్తయిన మేత భూముల్లో వన్యప్రాణి పరిశోధకులు కెమెరాలు పెడితే, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఆ రాష్ట్రంలో మొదటిసారి మనూల్ ఫొటో దొరికింది. మంచు చిరుతకు పేరుంది, నిధులున్నాయి, లెక్కలున్నాయి. దేశంలో 718 ఉన్నాయని 2024లో ప్రకటించారు. మనూల్‌కు దేశం మొత్తం మీద అలాంటి లెక్క తీయాలి. పెద్ద జంతువు కోసం కట్టిన గొడుగు కింద చిన్నవన్నీ బతికేస్తాయనుకోవడం సరికాదు. మంచు చిరుత అడవి గొర్రెల్ని తింటుంది. మనూల్ పైకాను తింటుంది. పైకా పోతే మంచు చిరుతకు తెలియకపోవచ్చు, మనూల్ మాత్రం ఆ చలికాలం దాటదు.

మన దేశంలో దీన్ని చూడటానికి జనం పోయే చోటు ఒకటుంది. లద్దాఖ్‌లోని హాన్లే. చాంగ్‌తాంగ్ శీతల ఎడారిలో ఉంది. భారత ఖగోళ అబ్జర్వేటరీ అక్కడే, 4,500 మీటర్ల ఎత్తున. అక్కడి చాంగ్పా కాపరులు మేపే మేకల చలికాలపు లోపలి బొచ్చే పష్మీనా. వసంతంలో దువ్వి తీస్తారు. చలికి పెరిగే ఆ లోపలి బొచ్చు కథ మేకకూ మనూల్‌కూ ఒకటే. కొద్ది ఏళ్లుగా నక్షత్రాలు చూడటానికి, బైకుల మీద వెళ్లేవాళ్లతో హాన్లే దారులు నిండుతున్నాయి. వాళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ కుర్రాళ్లు కూడా ఉంటారు. వెళ్లాలి, చూడాలి. కాకపోతే ఫలానా రాళ్లగుట్టలో మనూల్ ఉందని తెలియగానే జీపులు రోడ్డు దిగి దాని చుట్టూ మూగుతున్నాయి. అది పారిపోదని చెప్పాను కదా. అణగి పడుకుంటుంది. ఫొటో తీసేవాడికి ఎంత ఓపికగా కూర్చుందో అనిపిస్తుంది. అది ఓపిక కాదు, భయం. ఆ సేపంతా దానికి వేట లేదు. రోడ్డు దిగిన చక్రాల కింద పైకాల కలుగులు కూలుతాయి.

కుక్కల సంగతి మరీ బాధ. లద్దాఖ్‌లో క్యాంపుల దగ్గర, హోటళ్ల దగ్గర పారేసే తిండి మీద వీధికుక్కలు వందల్లో పెరిగాయి. నల్లమెడ కొంగల గుడ్లూ పిల్లలూ వాటి నోట పడుతున్నాయి. మనుషుల మీద కూడా పడుతున్నాయి. వాటి ముందు నాలుగు కిలోల పిల్లి ఎంత?

మనూల్ డిసెంబరు, మార్చి మధ్య జతకడుతుంది. ఆడదానికి ఎద ఒకటి రెండు రోజులే. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుడతాయి. రెండు నెలలకు కూన బొచ్చు మారుతుంది, నాలుగు నెలలకు వేట నేర్చుకుంటుంది. అంటే కూనలు మొదటిసారి కలుగు బయటికి వచ్చి రాళ్ల మీద ఆడేది జూన్, జూలైలలో. లద్దాఖ్ కనుమదారులు తెరుచుకుని, మనవాళ్లు సెలవు పెట్టి బయలుదేరేది కూడా సరిగ్గా అప్పుడే. వెళ్లేవాళ్లకు నా మనవి రెండే. బండి రోడ్డు మీదే ఉండనివ్వండి, చూడాలనుకుంటే ఇంజిన్ ఆపి బైనాక్యులర్‌తో దూరం నుంచి చూడండి. తిన్న పొట్లాలు, మిగిలిన అన్నం, బిస్కెట్లు అక్కడ పారేయకుండా సంచిలో కట్టి తిరిగి లేహ్ దాకా తెచ్చుకోండి.